గ్రామసేవ: సేవకులు మరలిపోయిన పిమ్మట నిలిచినదేమి?



మన మహాసభ జరిగిన ప్రతి పర్యాయమును గ్రామసేవను గూర్చి యొక తీర్మానము గావించుట మనకు పరిపాటియైనది. ప్రతిపాదించువారు చక్కగా మాటాడుదురు. బలపఱచువారు అంతకంటె చక్కగా మాటాడుదురు. సభ కరతాళధ్వనులతో నంగీకరించును. పిమ్మట వేసవి సెలవులలో మన యువకులు కొందఱు పల్లెలకు పోయి వీధు లూడ్చి, మొక్కలు నాటి, పిల్లలకు పుస్తకములు పంచి, ఛాయాపటములు తీయించుకొని తిరిగివత్తురు. మరుసటి యేడు అదే పల్లెకు పోయి చూచిన యెడల, మొక్కల చుట్టు పాతిన కంప మాత్రము కానవచ్చును, మొక్క కానరాదు. యువకుల చిత్తశుద్ధిని శంకింప బనిలేదు. చిత్తశుద్ధి యుండియు పని యేల నిలువకున్నది యనునదియే మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. మనకంటె గొప్పవారు, మనకంటె నెక్కువ కాలము, ఎక్కువ త్యాగముతో పల్లెలలో పనిచేసి, ఇదే ప్రశ్నను తమ్ము తాము వేసికొనిరి. వారి యనుభవములను వరుసగా పరిశీలించినచో నాకొక సత్యము తోచుచున్నది. సేవకుడు ఊరిలో నున్నంత కాలము పని సాగుట సేవకు పరీక్ష కాదు. అతడు వెడలిపోయిన మరునాడు ఆ పనిని ఊరివారు తమదిగా చేపట్టిరా లేదా యనునదే పరీక్ష. ఈ పరీక్షకు నిలిచినవేవి, నిలువనివేవి, వానికి కారణములేవి యని చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట బిహారు దేశమునందలి చంపారను జిల్లాను చూతము. 1917వ సంవత్సరము ఏప్రిలు నెలలో రాజకుమార శుక్లా యను రైతు పట్టువిడువక వెంటబడి మహాత్మాగాంధిని అచ్చటికి తీసికొనిపోయెను. ఆ జిల్లా రైతులు తమ భూమిలో ఇరువది కఠాలకు మూడు కఠాల చొప్పున తోటదొరల కొఱకు నీలిమందు పైరు వేయవలసియుండెను. దీనికి తీన్‌కఠియా పద్ధతి యని పేరు. విచారణ జరిగి, 1918లో చట్టము వచ్చి, ఆ పద్ధతి రద్దయ్యెను. ఈ కథను మనవారందఱు నెఱుగుదురు. కాని యందులో నొక యధ్యాయము అంతగా జ్ఞప్తియందుంచుకొనబడలేదు. న్యాయవిచారణ యొకవంక సాగుచుండగనే, రైతుల యజ్ఞానమును అనారోగ్యమును పోగొట్టనిదే చట్టము వారికి శాశ్వతమైన మేలు చేయజాలదని గాంధి గ్రహించి, పల్లెలలో పాఠశాలలు స్థాపింప నిశ్చయించెను. 1917 నవంబరులో బడహర్వా లఖన్‌సేన్ గ్రామమునను, తరువాత భితిహర్వాయందును, 1918 జనవరిలో మధుబన్‌నందును బడులు వెలసెను.

ఆ బడులకు గాంధి పెట్టిన నియమ మొకటి గమనింపదగినది. ఉపాధ్యాయునకు బసయు భోజనమును గ్రామస్థులే సమకూర్పవలెను. రొక్క మీయలేనివారు ధాన్య మీయవచ్చును. తక్కిన వ్యయము తాము భరింతురు. పేదవారిని ధాన్య మడుగుట యేల యని మనకు తోచవచ్చును. గుప్పెడు గింజ లిచ్చినవాడు బడి తనదని తలచును. ఏమియు నీయనివాడు బడిని వింతగా చూచి పోవును. సేవాచరిత్రమున ఈ నియమమునకు మించిన సూక్ష్మమును నేనెందును కాననైతిని.

స్వచ్ఛందసేవకులు దూరదేశములనుండి వచ్చిరి. బొంబాయినుండి గోఖలే దంపతులు, గుజరాతునుండి మహాదేవ దేశాయి, నరహరి పరీఖులు తమ భార్యలతో, ఆశ్రమమునుండి కస్తూరిబాయి, దేవదాసు వచ్చిరి. భారత సేవక సంఘమునకు చెందిన డాక్టరు దేవ్ వైద్యమునకై వచ్చెను. మహారాష్ట్ర, గుజరాతు స్త్రీలు హిందీలో బోధించుట యెట్లని సంకోచింపగా, వ్యాకరణముకంటె శుచియు మర్యాదయు నేర్పుట ముఖ్యమని గాంధి వారికి ధైర్యము చెప్పెను. ఔషధములు మూడే: ఆముదము, క్వినైను, గంధకపు లేపనము. సేవకులే వీధు లూడ్చిరి, ముంగిళ్లు శుభ్రపఱచిరి, బావులు బాగుచేసిరి, మురికిగుంటలు పూడ్చిరి. కొన్నియూళ్ల ప్రజలు సిగ్గుపడి తామును పనిలోనికి దిగిరి. కొన్నియూళ్ల ప్రజలు దూరమున నిలిచి చూచిరి.

భితిహర్వా ప్రాంతమున జరిగిన సంగతి యొకటి గాంధి తన ఆత్మకథలో చెప్పియున్నాడు. కొందఱు స్త్రీల వస్త్రములు మిక్కిలి మాసియుండుట చూచి, బట్ట లేల యుదుకుకొనరో యడుగుమని ఆయన కస్తూరిబాయిని పంపెను. ఒకామె ఆమెను తన గుడిసెలోనికి తీసికొనిపోయి, లోపల పెట్టెగాని బీరువగాని లేదనియు, ఒంటిమీదిది తప్ప రెండవ చీర లేదనియు, మఱియొక చీర దొరకినచో నిత్యము స్నానముచేసి శుభ్రమైన బట్ట కట్టుదుననియు చెప్పెను. శుచిని గూర్చి యుపన్యసింప బోవు మన యువకులు బయలుదేరుటకు ముందు ఈ సంగతిని స్మరింపవలయును. మాలిన్యమునకు కారణము బుద్ధిలోపమా, రెండవ చీర లేకుండుటయా యని యెఱుగని సేవకుని యుపదేశము పేదవానికి అవమానమే యగును.

మఱి యా పని యేమైనది? భితిహర్వాలో బడి గుడిసె కాలిపోగా ఇటుకతో మఱల కట్టిరి, పని విడువలేదు. అయినను గాంధికి 1918లో అహమదాబాదు, ఖేడా పిలుపులు వచ్చెను. సేవకులు కొన్ని నెలల కొఱకే వచ్చినవారు. గడువు తీరగనే వెడలిరి. ఆ స్థానమున నిలిచి పనిచేయుటకు బిహారునందే సేవకులు తగినంతమంది దొరకలేదు. చంపారనులో కొన్ని సంవత్సరములు నిలిచి, మఱిన్ని బడులు పెట్టి, పల్లెలలోనికి చొచ్చుకొనిపోవలెనన్న తన కోరిక నెఱవేఱలేదని గాంధియే చెప్పుకొనెను. అంతటి నాయకుడు, అంతటి సేవకులు, అంతటి నియమము ఉండియు స్థానికుడైన కార్యకర్త లేకపోవుటచే పని సన్నగిల్లినది. ఇది మొదటి పాఠము.

చంపారను సేవకులు త్వరగా మరలిపోయిరి. నిలిచి పనిచేసినచో నేమగునో తెలిసికొనుటకు వంగదేశమునకు పోవుదము. రవీంద్రనాథ ఠాకూరు తన జమీందారీ గ్రామములలో రైతుల దురవస్థను చిరకాలము చూచినవాడు. శాంతినికేతనమునకు సమీపమున సురూలు గ్రామమువద్ద నొక భవనమును 1912లో కొని, 1922 ఫిబ్రవరి 6వ తేదీన అచ్చట గ్రామ పునర్నిర్మాణ సంస్థను నెలకొల్పెను. అదియే శ్రీనికేతనము. దానికి ప్రథమ నిర్వాహకుడు లెనార్డు ఎల్మ్‌హర్స్టు అను ఆంగ్ల యువకుడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము నభ్యసించి వచ్చినవాడు. సంస్థకు కావలసిన ధనమును డొరొథీ స్ట్రెయిట్ అను అమెరికా వనిత యొసగెను. 1925లో ఆమె ఎల్మ్‌హర్స్టును వివాహమాడెను.

అచ్చటి పని యుపన్యాసముతో మొదలు కాలేదు. విద్యార్థులు తమ మరుగుదొడ్ల మలమును తామే యెత్తి, కందకములు త్రవ్వి పూడ్చి, ఆ నేలలో కూరగాయలు పండింప నేర్చుకొనిరి. పెద్దింటి పిల్లలకు ఇది కులభ్రష్టత్వముతో సమానముగ తోచియుండవచ్చును. పిమ్మట పల్లెలకు పోయి, ఊళ్లు ఎందుకు క్షీణించుచున్నవని విచారించిరి. ఎల్మ్‌హర్స్టు మూడు కారణములను చెప్పెను: పైరును పాడుచేయు కోతులు, జనమును పీడించు మలేరియా, ఒకరియం దొకరికి గల యపనమ్మకము. మొదటి రెంటికి ఉపాయములు కలవు. మూడవదానికి మందు ఏ యంగడిలోను దొరకదు. కాళీమోహన ఘోషు వంటి దేశీయ కార్యకర్తలు ఏండ్ల తరబడి ఇల్లిల్లు తిరిగి, బాలుర సేవాదళములు, ఆరోగ్య సహకార సంఘములు, నేతపని, తోలుపని శిక్షణములు నెలకొల్పిరి. ఎల్మ్‌హర్స్టు కొలది యేండ్లకే స్వదేశమునకు మరలెను; పని ఆగలేదు. శ్రీనికేతనము విశ్వభారతిలో భాగమై నేటికిని నిలిచియున్నది. పల్లెల దారిద్ర్యమంతయు తొలగినదని చెప్పుట యతిశయోక్తి యగును. కాని పరదేశీయుడు పోయిన పిమ్మట ఆ ప్రాంతమువారే దానిని నడిపిరి. చంపారనుకును శ్రీనికేతనమునకును గల భేద మిదియే.

అదే కాలమున పంజాబునందు వేఱొక ప్రయోగము జరుగుచుండెను. నేడు గురుగ్రామమని పేరు మార్చుకొని ఆకాశమంటు మేడలతో నిండిన గుర్గావు, నాడు ఎండిన నేలల పేద జిల్లా. ఎఫ్. ఎల్. బ్రేన్ దొర 1920 మొదలు 1927 వఱకు దానికి డిప్యూటీ కమీషనరుగా నుండెను. ఆయన యుత్సాహమునకు మేర లేదు. ప్రతి యింటి పెంటకుప్పను లోతైన గుంటలోనికి చేర్పించెను. గోడలకు కిటికీలు పెట్టించెను. ఇనుప నాగళ్లను, మేలుజాతి ఆబోతులను తెప్పించెను. గ్రామమార్గదర్శులకు శిక్షణశాలను, స్త్రీలకు గృహవిద్యాలయమును స్థాపించెను. ఆయన భార్యయు పాటుపడెను. ఆయన వ్రాసిన పుస్తకములను దేశమంతట చదివిరి.

ఐనను ఆ యుద్యమము జిల్లా యధికారి యాజ్ఞతో నడిచినది. పల్లెవాని సోమరితనమును దుబారాయు ఆతని పేదఱికమునకు మూలమని బ్రేన్ దొర తలచెను. అప్పు, పన్ను, భూమిలేమి వెనుకకు పోయెను. దొర వచ్చుచున్నాడన్న వార్త విని గుంటలు త్రవ్వినవారు, దొర బదిలీయైన పిదప వానిని పట్టించుకొనరైరి. కొలది కాలములోనే గుర్గావు ప్రయోగము పేరు మాత్రము మిగిలినది. పెంటగుంట మంచిదే, గాలి వచ్చు కిటికీయు మంచిదే. మంచి పనియైనను, చేయువాని మనస్సులో పుట్టనిది పై యధికారి కన్నుతోపాటు తొలగిపోవును. ఇది రెండవ పాఠము. మన సంఘములోని సంపన్నులు పల్లెలో నేదైన కార్యము తలపెట్టునపుడు, తాము తెలియకయే చిన్న బ్రేన్ దొరలగుచున్నారేమో యని యొకమాఱు తరచి చూచుకొనుట మంచిది.

మరల బిహారునకు వత్తము. 1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము ఉత్తర బిహారును నేపాళమును ఘోరమైన భూకంపము కదలించెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. నేల బీటలువాఱి, ఇసుకయు నీరును పైకి చిమ్మి, పొలములను కప్పెను. నేలమట్టములు మాఱుటచే ఎన్నియో గ్రామములకు వఱద భయము హెచ్చెను. చెఱనుండి విడుదలయైన బాబూ రాజేంద్రప్రసాదు సహాయసంఘమునకు నాయకత్వము వహించెను.

ఆ వార్త విని స్విట్జర్లాండునుండి వచ్చినవాడు పియెర్ సెరెసోల్. ఆయన తండ్రి ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండినవాడు, తాను ఇంజనీరు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1920లో, ఫ్రాన్సులో యుద్ధముచే నేలమట్టమైన ఎస్న్ గ్రామమునకు జర్మనులతో సహా కొందఱు మిత్రులను తీసికొనిపోయి, ఇండ్లు కట్టుటకు పూనుకొనెను. యుద్ధమునకు బదులుగా శ్రమసేవ యనునది ఆయన సిద్ధాంతము. శత్రుదేశీయులు తమ యూరిలో పనిచేయుటకు అచ్చటి వారందఱు నిష్టపడకపోవుటచే ఆ పని కొన్ని నెలలకే ఆగిపోయెను. అయినను ఆయన నిరుత్సాహపడలేదు. అంతర్జాతీయ సేవాసంఘమొకటి దానినుండి పుట్టి, వఱదలు, మంచుపాతములు వచ్చిన చోట్లకెల్ల పోయి పనిచేసెను.

1934 మొదలు 1937 వఱకు సెరెసోల్ పలుమాఱులు వచ్చుచు పోవుచు, వ్రేళ్లపై లెక్కింపదగిన ఐరోపా మిత్రులతో, ముజఫరుపురము జిల్లాలో పనిచేసెను. వఱద ముంచు పల్లెలను మెట్టప్రదేశమునకు మార్చి క్రొత్తగా కట్టుట వారి పని. అట్లు వెలసిన గ్రామములలో నొకదానికి శాంతిపురమని పేరిడిరి. ఆ సేవకులు తెచ్చిన ధనము కొలదిది, సంఖ్యయు కొలదిది. ఇండ్లు కట్టినది ప్రధానముగా ఆ గ్రామములవారే. ఐనను తెల్లదొర యనగా గుఱ్ఱముపై వచ్చి హుకుము చేయువాడని యెఱిగిన యా దేశమున, ఏబదియైదేండ్ల దొర యొకడు ఎండలో పారచేతబట్టి తట్టతో మన్ను మోయుట సామాన్యమైన దృశ్యము కాదు. చదువుకొన్నవాడు చేతిపని చేయగూడదను మన దేశపు దురభిమానమునకు అది మౌనమైన ప్రత్యుత్తరము. ఇచ్చట పనిచేయువాడు ఆజ్ఞాపించువాడు కాడు, తోడి కూలివాడు. ఇది మూడవ పాఠము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ యనుభవములు రాజ్యాంగమువారి కార్యక్రమముగ పరిణమించెను. ఆల్బర్టు మేయరు అను అమెరికా శిల్పి యుద్ధకాలమున సైనిక ఇంజనీరుగా వచ్చి, 1945లో జవహర్లాలు నెహ్రూతో పరిచయము పొందెను. ఆయన సలహాతో 1948లో సంయుక్తరాష్ట్రమునందలి ఇటావా జిల్లాలో, మహేవా కేంద్రముగా, 64 గ్రామములలో ప్రయోగము మొదలయ్యెను. శాఖకొక యుద్యోగి పల్లెపై పడుటకు బదులు, అన్ని పనులను తెలిసిన గ్రామసేవకుడొకడు ప్రజల నడుమ మసలవలెననునది దాని సారము. రైతు కోరినదానినుండి మొదలుపెట్టిరి: పంజాబు 591 రకపు గోధుమ విత్తనము, పచ్చిరొట్టకై జనుము, పశువులకు టీకాలు. కండ్లకు కనబడు ఫలితము రాగా రైతులు నమ్మిరి.

ఆ ఫలితమును చూచి, 1952 అక్టోబరు 2వ తేదీన దేశమున 55 చోట్ల సమాజ వికాస పథకములు ప్రారంభింపబడెను. అనతికాలములోనే యవి దేశమంతట వ్యాపించెను. వ్యాపించినకొలది పలుచబడెను. గ్రామసేవకుడు ప్రజల మిత్రుడుగా నుండుట మాని, పై కార్యాలయమునకు లెక్కలు పంపువాడయ్యెను. శ్రమదానము పేర గణ్యులు ఫోటోలకై ఒక తట్ట మన్నెత్తి పోవుచుండిరి. మిగిలిన తట్టలను భూమిలేని పేదవాడు మోసెను. ఆ బాటపై బండి తోలుకొనినవాడు భూస్వామి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము పరిశీలించి, ఈ పథకములు ప్రజలలో స్వయంప్రేరణమును కలిగింపజాలకపోయెనని తెలిపి, అధికారమును ప్రజలెన్నుకొన్న సంస్థలకు అప్పగింపవలెనని చెప్పెను. 1959లో రాజస్థానమును వెన్నంటి మన ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము వచ్చుటకు ఇదియే మూలము. ప్రభుత్వపు కోట్ల రూపాయలును చివరకు చంపారను బడి నియమమునకే మరలి వచ్చినవి: పని ప్రజలదిగా నుండవలెను.

ఇవన్నియు పరప్రాంతముల కథలు. మన తెలుగుదేశమున నట్టి పని జరుగలేదా? జరిగినది; మిక్కిలి గొప్పగా జరిగినది. అదియే గ్రంథాలయోద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 ఏప్రిలులో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ కూడి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతయు దీనికై ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొమ్మమూరు కాలువమీద పడవలో పుస్తకములనుంచి ఊరూర చదువరులకు చేర్చిరి. నిజాము రాష్ట్రమునందు తెలుగు బడియే యరుదైన దినములలో, గ్రంథాలయమే బడి, సభాస్థలము, రాజకీయ పాఠశాల యయ్యెను.

ఈ యుద్యమమునకు విదేశధనము లేదు. జిల్లా యధికారి హుకుము లేదు. ఒక ఊరి యువకులు ఇంటింటికి పోయి పిడికెడు బియ్యమో, పాత పుస్తకమో, అణాయో అడిగి తెచ్చి, ఒకరి వసారాలో బల్ల వేసి, చదువు వచ్చినవాడు రానివారికి పత్రిక చదివి వినిపించెను. చదివించువాడు ఆ యూరివాడే. వినువాడును ఆ యూరివాడే. అందుచేతనే నాయకులు చెఱసాలలకు పోయినను గ్రంథాలయములు మూతపడిపోలేదు. కొన్ని తరువాత శిథిలమయ్యెను. కాని అవి తయారుచేసిన మనుష్యులు శిథిలము కాలేదు. మన తాతలలో నెందఱు తొలి యక్షరమును ఆ వసారాలలో దిద్దిరో పెద్దల నడిగి తెలిసికొనవచ్చును.

ఇక మన సంగతి. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున తెలుగునాట కులసంఘములు వసతిగృహములు కట్టి, ఉపకారవేతనము లిచ్చి, పేద బాలురను పట్టణములలో చదివించెను. ఆ చదువు ఫలించినది. నేడు మన పిల్లలు హైదరాబాదునందే గాక అమెరికాయందును ఉన్నతోద్యోగములలో నున్నారు. వారు పుట్టిన యూరిని మఱువలేదు. గుడికి గోపురము, ఊరి మొదట స్వాగతద్వారము, బడికి గది కట్టించుచున్నారు. దాతలను నేను మనసార నభినందించుచున్నాను. కాని స్వాగతద్వారముపై దాత పేరు చెక్కియున్నను, దానిగుండ లోనికి పోయినచో, గది యున్న బడిలో ఉపాధ్యాయుడు లేడు. నీళ్ల యంత్రమున్నది, దానిని బాగుచేయువాడు లేడు. కళాశాలలలో 1969లో స్థాపింపబడిన జాతీయసేవాపథకము క్రింద విద్యార్థులు ఏడు దినముల శిబిరము జరిపి పోవుచున్నారు. ఏడు దినములు విద్యార్థికి పాఠము కావచ్చును. ఊరికి మాత్రము ఎనిమిదవ దినము ముఖ్యము.

ఇంకొక మాట చెప్పక తప్పదు. అది కొందఱికి కటువుగ నుండవచ్చును. కాని మనలో మనము చెప్పుకొనకున్న నెవరు చెప్పుదురు? మన సంఘనిధి మన కులమువారి కొఱకు గదా, ఊరంతటికి ఖర్చుచేయుట యేల యని యడుగువారు కలరు. ఉపకారవేతనముల విషయమున ఆ మాట కొంత సమంజసమే. గ్రామసేవ విషయమున మాత్రము అది పొసగదు. మలేరియా దోమ మన వీధి పొలిమేర నెఱుగదు. ఊరి చివరి వాడలో మురుగు నిలిచియుండగా మన వీధిలో ఎన్ని కాలువలు కట్టినను ప్రయోజనము లేదు. ఎల్మ్‌హర్స్టు చెప్పిన మూడవ వ్యాధి, అపనమ్మకము, మన దేశమున అన్నిటికంటె నెక్కువగా కులముల నడుమనే వ్యాపించియున్నది. మన సేవకుడు మన యిండ్ల ముంగిళ్లు మాత్రమే యూడ్చి వచ్చినచో, చెత్త తగ్గును, ఆ వ్యాధి హెచ్చును. సమాజ వికాస పథకములు భూమిగలవారి గడపదగ్గఱనే ఆగిపోయెనన్న నింద యెందులకు వచ్చినదో మనము మఱువరాదు. మనమును ఒకనాడు ఇతరుల గడప వెలుపల నిలిచినవారమే. ఆ నిలుచుట యెట్టిదో యెఱిగినవారు మఱియొకరిని వెలుపల నిలుపుట ధర్మము కాదు.

కావున ఈ మహాసభ గ్రామసేవను గూర్చి తీర్మానము చేయునపుడు నాలుగు నియమములను చేర్చవలెనని నా మనవి. మొదటిది: పల్లెకు పోవుటకు ముందు పల్లెవారి నడుగవలెను. అడుగునపుడు కరణముగారి వారసునితోను, పెద్దరైతుతోను మాత్రమే గాక, భూమిలేని కూలివానితోను, ఇంటి యిల్లాలితోను మాటాడవలెను. రెండవది: ఊరివారు తమ వంతు నీయవలెను. అది ధాన్యము కావచ్చును, చాకిరి కావచ్చును, స్థలము కావచ్చును. ఐతే పేదవాని చాకిరి, ధనికుని లాభము కాకుండ చూడవలెను. మూడవది: మనము పంపు పదిమంది యువకులకంటె, ఆ యూరిలోనే యొక యువకునికో యువతికో శిక్షణమిచ్చి రెండేండ్లు జీవనభృతి యిచ్చుట మేలు. నాలుగవది: పని ముగిసిన మరుసటి యేడును, ఆ మరుసటి యేడును మన ప్రతినిధులు పోయి, నిలిచినదేదో నిలువనిదేదో చూచి, ఈ సంచికయందే ప్రకటింపవలెను. నిలువనిదానిని ప్రకటించుటకు సిగ్గుపడవలదు. చంపారనులో తన కోరిక నెఱవేఱలేదని వ్రాసికొనుటకు గాంధి సిగ్గుపడలేదు.

యువకులకు ఒక మాట. మీరు పోవలదని నేను చెప్పుటలేదు; పోవలెను. పార పట్టుటచే మీ చేతికి కాయ కాచినచో, అది మీ చదువునకు భూషణమే. కాని ఊరిని ఉద్ధరింప బోవుచున్నామని తలపక, ఊరివద్ద కొంత నేర్చుకొనుటకు పోవుచున్నామని తలపుడు. వర్ష మెప్పుడు పడునో, ఏ బావినీరు వేసవిలో నిలుచునో, ఎవరి యప్పు ఎవరికి ఉరి యగుచున్నదో పుస్తకములు మీకు చెప్పవు; పల్లెలోని అవ్వ చెప్పును. ఆమె మాట వినుటతో సేవ మొదలగును. మీరు తిరిగివచ్చిన పిమ్మట ఆ యూరివారు మీ పేరు మఱచిపోయి, పనిని మాత్రము తామే నడుపుకొనుచున్నచో, మీ సేవ సఫలమైనదని తెలిసికొనుడు.

పోషక మహాశయులారా! శిలాఫలకముపై చెక్కిన పేరు ఎండకు వానకు మాసిపోవును. మీ ధనముతో చదువుకొని, తన యూరిలోనే నిలిచి, బడిపిల్లలకు అక్షరము నేర్పుచు, నీళ్ల యంత్రము చెడిన మరునాడే బాగుచేయించు నొక మనుష్యుని తయారుచేయుడు. అట్టివానిని ఊరికొకని చొప్పున ఇచ్చినను, ఈ సంఘము తన జన్మకు సార్థకత నొందినదని రాబోవు తరములవారు చెప్పుకొందురు.